ఖాళీ గడికి సంజాయిషీ ఎవరు ఇవ్వాలి?

ప్రశ్న: నర్సింగ్‌లో పోస్ట్‌గ్రాడ్యుయేషన్ చేసి పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల నుంచి ఒక మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జిని. రాత్రి డ్యూటీలో 30 మంది రోగులకు ఇద్దరే నర్సులు. నాలుగు గంటలకోసారి నాడి, బీపీ, శ్వాస, ఉష్ణోగ్రత చూసి చార్టులో రాయాలి. అది కుదిరే పని కాదని అందరికీ తెలుసు. తెల్లవారుజామున కూర్చుని గడులన్నీ ఒకేసారి నింపేస్తారు. గత నెలలో, కొత్తగా చేరిన ఒక అమ్మాయి అలా నింపలేదు. పన్నెండు మంది చార్టుల్లో రాత్రి రెండు గంటల గడిని ఖాళీగా వదిలి, కింద ‘సిబ్బంది చాలక చూడలేదు’ అని రాసి సంతకం చేసింది. ఆమెకు మెమో ఇచ్చారు. ఆమెను పిలిచి కౌన్సెలింగ్ చేసి, ఆ సంగతి ఫారంలో రాసి పంపమని నాకు చెప్పారు. చదువుకునే రోజుల్లో నీతి, నాయకత్వం, సామాజిక మార్పు అని మూడు పేపర్లు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మూడూ నన్ను తలా ఒక వైపుకు లాగుతున్నాయి. ఆ అమ్మాయి పక్షాన నిలబడమని నీతి చెబుతోంది. పైవారితో చెడగొట్టుకోకుండా వార్డును నడపడమే నాయకత్వం కదా అనిపిస్తోంది. సామాజిక మార్పు అన్నది నా స్థాయికి మించిన మాటేమో అనిపిస్తోంది. నేనేం చేయాలి?

— ఒక వార్డు ఇన్‌ఛార్జి

సమాధానం:

సిస్టర్ గారికి నమస్కారం.

జవాబు రాసే ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు ఉండదు. నేనూ ఆ గడులు నింపినదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెల్లవారుజామున ఐదు గంటలకు డ్యూటీ గదిలో చార్టుల దొంతర ముందు పెట్టుకుని, శ్వాస గడిలో 18, 20, 18, 20 అని రాసుకుంటూ పోయేదాన్ని. అవే అంకెలు వరుసగా పడితే ఎవరికైనా అనుమానం వస్తుందని అక్కడక్కడ ఒక 16 వేసే నేర్పు ఏడాది తిరగకుండానే అబ్బింది. ఆ నేర్పు నేర్పించిన సీనియర్లు చెడ్డవారు కాదు. రాత్రంతా తడిసిన పక్కలు మార్చి, డ్రిప్పులు చూసి, ఊపిరాడని రోగిని లేపి కూర్చోబెట్టి, కాలు నిలవకుండా తిరిగినవారే. అందుకే మీ వార్డులో ఆ పని చేస్తున్నవారిని నిందించడానికి నాకు నోరు రాదు. అయినా ఆ పని తప్పే, ఆ అమ్మాయి గడిని ఖాళీగా వదలడం ఒప్పే. అంతమాత్రం చెప్పి ఊరుకుంటే మీ బల్ల మీద ఉన్న ఫారం సంగతి తేలదు కనుక, కొంచెం వివరంగా రాస్తాను.

నాలుగు కొలతల్లో శ్వాసను లెక్కించడానికి ప్రత్యేకమైన పరికరమేదీ అక్కర్లేదు. ఒక గడియారం, రోగి ఛాతీ మీద చూపు, ఒక నిమిషం ఓపిక ఉంటే చాలు. చూడకుండా ఊహించి రాసేది ఎక్కువగా దాన్నే. అయితే రోగి పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు బీపీ పడిపోవడానికి ముందే శ్వాస వేగం పెరుగుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి 2017లో సవరించిన, ఒక్కో కొలతకు మార్కులు వేసి రోగి పరిస్థితి దిగజారుతోందేమో చెప్పే ముందస్తు హెచ్చరిక స్కోరు మీరు చదివే ఉంటారు. అందులో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉంటే సున్నా, 21 నుంచి 24 వరకు ఉంటే రెండు, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడు. ఏ ఒక్క కొలతకు మూడు పడినా ఆ రోగిని ఆలస్యం చేయకుండా వచ్చి చూడాలి. ఇప్పుడు మీ చార్టు చూడండి. రాత్రి రెండు గంటలకు నిజంగా 26 ఉన్న రోగికి ఎవరో తెల్లవారాక 18 అని రాశారనుకుందాం. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఖాళీ గడిని చూస్తే ‘రాత్రి ఎవరూ చూడలేదన్నమాట’ అనుకుని తానే ఒకసారి చూస్తారు. 18ని చూస్తే తర్వాతి బెడ్ దగ్గరకు వెళ్లిపోతారు. లేని సమాచారం వల్ల జరిగే నష్టాన్ని ఎవరో ఒకరు గమనించి ఆపగలరు, అబద్ధపు సమాచారం వల్ల జరిగే నష్టానికి ఆ అవకాశం కూడా ఉండదు.

రెండో నష్టం మన నర్సులకే జరుగుతోంది, దాన్ని గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ. ప్రతి రాత్రీ 30 చార్టులూ నిండుగా కనిపిస్తే, ఆ చార్టులు పైవారికి చెప్పేది ఒక్కటే: ఇద్దరు నర్సులు సరిపోతున్నారు. మూడో నర్సు కావాలని మీరు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా, ‘పనంతా సకాలంలో జరిగినట్టు రికార్డు ఉంది కదా’ అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు లేదు. ఆ రికార్డు మీద ఉన్నవి మన సంతకాలే. మన మీద మనమే సాక్ష్యం చెప్పుకుని, మళ్లీ న్యాయం జరగడం లేదని బాధపడుతున్నాం. ఎన్నో నెలల తర్వాత మీ వార్డు గురించి నిజం చెప్పిన మొదటి కాగితాలు ఆ పన్నెండు చార్టులే. మీరు అడిగిన మూడు విషయాలూ అక్కడే కలుస్తాయి. నిజం రాయడం నీతి, నిజం రాసిన మనిషికి దెబ్బ తగలకుండా అడ్డం నిలవడం నాయకత్వం, రాసిన నిజాలను కూడబెట్టి నిర్ణయం తీసుకునేవారి ముందు పెట్టడం మార్పు కోసం వాదించడం. మూడింటికీ మూడు వేర్వేరు పేపర్లు పెట్టిన సిలబస్ వల్లే అవి విడివిడి వస్తువులని మనకు అలవాటయిందని నా అనుమానం.

నీతి గురించి ఎక్కువ చెప్పను. స్వేచ్ఛ, మేలు, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాలూ మీకు కంఠస్థమే అయి ఉంటాయి. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదటిసారి ఆమోదించి, 2021లో సవరించిన నియమావళి కూడా నర్సు బాధ్యతను రోగి మంచం దగ్గర ఆపలేదు. వృత్తి పట్ల, ప్రపంచ ఆరోగ్యం పట్ల కూడా బాధ్యత ఉందని చెప్పింది. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపినది సూత్రాల సంగతి కాదు, ‘అందరికీ తెలుసు’ అన్న మాట. ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త 1984లో నర్సింగ్ నీతి గురించి రాస్తూ, చేయవలసింది ఏమిటో తెలిసీ సంస్థ పెట్టిన అడ్డంకుల వల్ల చేయలేకపోయినప్పుడు కలిగే బాధకు ఒక పేరు పెట్టాడు. దాన్ని మనం నైతిక వేదన అనుకోవచ్చు. సందేహం వేరు, ఇది వేరు. సందేహంలో ఏది ఒప్పో తెలియదు, ఇక్కడ తెలుసు. ఈ వేదన చాలాకాలం సాగితే మనిషి ఉద్యోగమైనా మానేస్తుంది, లేదా నొప్పి తెలియకుండా మొద్దుబారుతుంది. 16 వేసే నేర్పు వచ్చేనాటికి నేను మొద్దుబారాను. ఆ అమ్మాయి ఇంకా మొద్దుబారలేదు. ఆ స్థితి నుంచి ఆమెను త్వరగా బయటికి తెమ్మని మిమ్మల్ని అడుగుతున్నారు, దానికి కౌన్సెలింగ్ అని పేరు పెట్టారు.

ఇక నాయకత్వం. పైవారితో చెడగొట్టుకోకుండా ఉండడమే నాయకత్వమన్న మీ అనుమానాన్ని నేను తీసిపారేయను. మాట చెల్లని ఇన్‌ఛార్జి వల్ల వార్డుకు ఒరిగేదేమీ ఉండదు. కానీ ఆ సంబంధాన్ని దేనికోసం కాపాడుకుంటున్నారో చూసుకోవాలి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనవోస్ట్ అనే ఇంటెన్సివ్ కేర్ డాక్టరు 2001 ప్రాంతంలో, పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసేటప్పుడు పాటించవలసిన అయిదు పనుల చెక్‌లిస్టు పెట్టారు. చేతులు కడుక్కోవడం, రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో శుభ్రం చేయడం లాంటి, అందరికీ తెలిసిన పనులే అవి. అసలు సంగతి జాబితాలో లేదు. డాక్టరు ఏదైనా ఒక పని వదిలేస్తే ఆపమనే అధికారాన్ని నర్సులకు ఇచ్చారు, అలా ఆపినందుకు నర్సును ఎవరైనా ఏమైనా అంటే యాజమాన్యం నర్సు వెనక నిలబడుతుందని ముందే తేల్చి చెప్పారు. తర్వాత మిషిగన్ రాష్ట్రంలో 100కు పైగా ఐసీయూలలో ఇదే పద్ధతి నడిపి 2006లో ఫలితాలు ప్రచురించారు. గొట్టం ద్వారా రక్తంలోకి చేరే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి, ఆ తగ్గుదల పద్దెనిమిది నెలల పాటు నిలిచింది. ‘మీరు మాస్కు వేసుకోలేదు, ఆగండి’ అని ఒక జూనియర్ నర్సు సీనియర్ డాక్టరుతో అనగలగాలంటే, ఆ మాట ఆమె నోటి నుంచి రావడానికి చాలా ముందే ఇంకెవరో ఆమె వెనక నిలబడి ఉండాలి. మీ వార్డులో నిలబడవలసిన మనిషి మీరు.

అలాగని ఆ అమ్మాయి చేసినదంతా సరిగ్గా ఉందని నేను అనడం లేదు. ఆమెను పిలవండి, తలుపు వేసి కూర్చోబెట్టండి, మెమో సంగతి పక్కన పెట్టి ఆ రాత్రి గురించి అడగండి. 30 మందిలో పన్నెండు మందిని వదలవలసి వచ్చినప్పుడు ఏ పన్నెండు మందిని వదిలింది? ఆక్సిజన్ మీద ఉన్నవారిని, ఆ సాయంత్రమే చేరినవారిని ముందు చూసి, రేపు ఇంటికి వెళ్లబోయేవారిని చివరికి ఉంచిందా, లేక ఒకటో బెడ్ నుంచి వరుసగా వెళ్లి పద్దెనిమిదో బెడ్ దగ్గర ఆగిపోయిందా? చూడలేకపోతున్నానని రాత్రి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసిందా? తర్వాత వీలు దొరికినప్పుడు మూడున్నరకో నాలుగుకో ఆ కొలతలు తీసి, తీసిన సమయమే వేసి రాసిందా? ఈ ప్రశ్నలకు ఆమె దగ్గర సరైన జవాబులు లేకపోతే అక్కడ మీరు నేర్పవలసింది ఉంది, అది నిజమైన కౌన్సెలింగ్. చార్టులో రాసే మాట కూడా దిద్దవలసిందే. ‘సిబ్బంది చాలక’ అన్నది ఒక అభిప్రాయంలా కనిపిస్తుంది, వాదనకు దారి తీస్తుంది. ‘2:00 కొలతలు తీయలేదు. 1:40 నుంచి 2:55 వరకు ఇద్దరు నర్సులమూ 9వ బెడ్ రోగికి సీపీఆర్‌లో ఉన్నాము. 2:58కి సూపర్‌వైజర్‌కు తెలియజేశాము. 3:20కి కొలతలు తీశాము’ అని రాస్తే దాన్ని ఎవరూ కాదనలేరు. రోగి చార్టులో జరిగింది మాత్రమే ఉండాలి. సిబ్బంది ఎందుకు చాలలేదన్న చర్చకు ఇన్సిడెంట్ రిపోర్టు ఉంది. ఆ తేడా చెప్పడం ఆమెను అణచడం కాదు, రేపు ఆమె మాట నిలబడేలా చేయడం.

సామాజిక మార్పు మీ స్థాయికి మించిన మాటన్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనకు దీపం పట్టుకున్న తల్లిగా చూపించి, లెక్కల పుస్తకం పట్టుకున్న మనిషిని దాచేశారు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో ఆమె ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లేసరికి అక్కడ ఎవరు ఎప్పుడు దేనితో చనిపోయారో చెప్పే లెక్కలు కూడా సరిగా లేవు. యుద్ధం ముగిసి తిరిగి వచ్చాక, విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి ఆ లెక్కలు తేల్చుకున్నప్పుడు, సైనికుల్లో ఎక్కువ మంది గాయాలతో కాక, నివారించగలిగిన అంటురోగాలతో చనిపోయారని స్పష్టంగా తెలిసింది. తిండి, సామగ్రి సరిపోకపోవడమే ప్రధాన కారణమని తాను అంతకుముందు అనుకున్నదాన్ని ఆమె మార్చుకోవలసి వచ్చింది. మురుగు, గాలి ఆడకపోవడం ఎంత ప్రాణాంతకమో ఆ అంకెలే ఆమెకు చెప్పాయి. 1858లో ఆ లెక్కలను నెలవారీగా రంగుల వృత్త చిత్రంగా గీసి, పట్టికలు చదివే ఓపిక లేని అధికారుల ముందు పెట్టింది. వార్డులో పనిచేసిన మనిషి దగ్గరే ఆ లెక్క పుట్టింది.

మీ సమస్య మీద లెక్క తీసినవారు కూడా ఉన్నారు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల వివరాలతో 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, శస్త్రచికిత్స జరిగిన రోగి 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. కాలిఫోర్నియాలో నర్సులు ఏళ్ల తరబడి పట్టుబట్టిన ఫలితంగా 1999లో నర్సు–రోగి నిష్పత్తి చట్టం వచ్చి 2004లో అమలైంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016 నుంచి నిర్దేశిత వార్డుల్లో పగలు నలుగురు రోగులకు ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు సగటున ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది. మీ వార్డులో అది పదిహేనుకు ఒకరు. ఈ అంకెలు రేపే మీ వార్డులో అమలవుతాయని చెప్పడం లేదు. మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదని మీకు మీరు నమ్మకం తెచ్చుకోవడానికి చెబుతున్నాను.

మీరు చేయగలిగిన పని చిన్నది, విసుగు పుట్టించేది. వచ్చే 30 రాత్రులు, ప్రతి రాత్రికీ నాలుగు అంకెలు రాయండి: రోగులు ఎంతమంది, నర్సులు ఎంతమంది, తీయవలసిన కొలతలు ఎన్ని, సకాలంలో తీసినవి ఎన్ని. దానికి ముందు మీ నర్సులందరినీ కూర్చోబెట్టి, ఈ నెలంతా చూడని గడిని ఖాళీగా వదలమనీ, దానికి సంజాయిషీ అడిగితే మీరే ఇస్తారనీ చెప్పండి. ఈ మాట నోటితో చెప్పడం సరిపోదు, రాసి వార్డు సర్క్యులర్‌గా మీ సంతకంతో పెట్టండి; అది పెట్టే ముందు నర్సింగ్ సూపరింటెండెంట్‌కు చెప్పండి, ఆవిడ తర్వాత ఇంకెవరి ద్వారానో వినకూడదు. చాలామంది సూపరింటెండెంట్లు మెమోలు ఇచ్చేది నిజం అంటే పడక కాదు, ఆ నిజానికి తమను ఎవరో సంజాయిషీ అడుగుతారన్న భయంతో. ఆవిడ పైవారి దగ్గరకు తీసుకెళ్లగలిగిన ఒక పేజీ మీరు తయారుచేసి ఇస్తే, ఆవిడ మీ వైపు వచ్చే అవకాశం మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ. మీ పోస్ట్‌గ్రాడ్యుయేషన్ ఉపయోగపడేది ఇక్కడే. అంకెలు సేకరించడం, వాటిని డాక్టర్లకు, పాలకవర్గానికి అర్థమయ్యే భాషలో చెప్పడం మీకు వచ్చు, ఆ అమ్మాయికి ఇంకా రాదు. అడిగేటప్పుడు ఒకటే అడగండి. ‘సిబ్బందిని పెంచాలి’ అంటే ఎవరి చేతిలోనూ ఉండదు. ‘రాత్రి 12 నుంచి 6 వరకు ఒక అదనపు నర్సు, మూడు నెలల పాటు, తర్వాత మళ్లీ లెక్క చూద్దాం’ అంటే ఎవరో ఒకరు అవునో కాదో చెప్పక తప్పదు.

ప్రమాదం లేదని మాత్రం చెప్పను. 2009లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఆసుపత్రికి చెందిన ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు చికిత్స రోగులకు హాని చేస్తోందని వైద్య మండలికి పేరు లేని ఉత్తరం రాశారు. ఆ డాక్టరుకు స్నేహితుడైన స్థానిక షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) ఉత్తరం ఎవరు రాశారో కూపీ లాగాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి, క్రిమినల్ కేసులూ పడ్డాయి. ఒకరి మీద కేసు ఉపసంహరించారు. రెండో ఆమెను 2010లో జ్యూరీ గంట కూడా పట్టకుండా నిర్దోషి అని తేల్చింది. చివరికి ఆ డాక్టరుకు, షెరీఫ్‌కు కూడా శిక్షలు పడ్డాయి. న్యాయం గెలిచిందని సంతోషించవచ్చు గానీ, ఆ నెలల్లో ఆ ఇద్దరూ పడిన బాధను ఎవరూ తీర్చలేరు. దీన్నుంచి నేను తీసుకున్న జాగ్రత్తలు ఇవి: పేరు దాచుకోవడం రక్షణ అవుతుందని నమ్మవద్దు, ఒంటరిగా వెళ్లవద్దు, రోగుల పేర్లు గానీ కేస్ షీట్ల నకళ్లు గానీ ఆసుపత్రి బయటికి తీసుకెళ్లవద్దు, లోపల ఉన్న మెట్లన్నీ ఎక్కి ప్రతి మెట్టు దగ్గరా రాతపూర్వకంగా అడిగిన ఆధారం ఉంచుకోండి. మీ వృత్తి సంఘాన్ని ఇప్పుడే కలుపుకోండి, గొడవ ముదిరాక కాదు.

ఇక ఆ ఫారం. ఖాళీగా పంపవద్దు, తిరస్కరించి పంపవద్దు. ఇలా రాయండి: ‘సిస్టర్‌తో మాట్లాడాను. ఆమె చూడని కొలతలను చూసినట్టు రాయలేదు. రికార్డు విషయంలో ఇది సరైన పద్ధతి. కొలతలు తీయలేని పరిస్థితి వచ్చినప్పుడు రోగులను తీవ్రతను బట్టి ఎంచుకోవడం, సూపర్‌వైజర్‌కు వెంటనే తెలపడం, కారణాన్ని సమయంతో సహా రాయడం ఆమెకు వివరించాను. ఆ రాత్రి 30 మంది రోగులకు ఇద్దరు నర్సులు ఉన్నారు. రాత్రి కొలతల మీద 30 రోజుల లెక్క తీసి నివేదిక సమర్పిస్తాను. ఆమెకు ఇచ్చిన మెమోను ఉపసంహరించవలసిందిగా కోరుతున్నాను.’ కింద మీ సంతకం, తేదీ, సమయం వేయండి. పంపే ముందు ఆ అమ్మాయికి చదివి వినిపించి, ఒక నకలు ఆమె చేతికి ఇవ్వండి.